ఉత్తపుణ్యానికి మోగే సైరన్: అలార్మో లాగ్స్ ఎక్కడ మొదలుపెట్టి చదవాలి

మిగతావాళ్లకి కూడా అర్థమవ్వాలని ముందు మీ సమస్యని క్లుప్తంగా చెప్తాను. రాజమండ్రిలో అమ్మానాన్న ఉండే ఇంట్లో ఒక మినీ పీసీ మీద డాకర్‌లో (ప్రోగ్రామ్‌లని కంటైనర్లు అనే విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, దాంట్లో అలారం పని చూసే అలార్మో ప్లగిన్, తలుపులకీ కిటికీలకీ జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే సెన్సార్లు, వాటిని హోమ్ అసిస్టెంట్‌కి కలపడానికి జిగ్‌బీ2ఎంక్యూటీటీ అనే ప్రోగ్రామ్. మీరేమో డాలస్‌లో ఉన్నారు. జూన్ 12 తెల్లవారుజామున 2:37కి సైరన్ మోగింది, చూస్తే తలుపులన్నీ వేసే ఉన్నాయి. అంతకుముందు కూడా ఒకసారి ఇలాగే అయింది. ఇది కాక, రాత్రి 10:30కి అలారం దానంతటదే ఆర్మ్ అవ్వాల్సింది (అంటే కాపలా మొదలుపెట్టాల్సింది) కొన్ని రోజులు అవ్వడం లేదు. "హిస్టరీలో 2:37 దగ్గర ఏమీ లేదు, ప్లగిన్‌లోనే బగ్ ఉందనుకుంటా, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా" అని అడిగారు. అమ్మగారు భయపడి సైరన్ ప్లగ్ పీకేశారని కూడా రాశారు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. అసలు ప్రస్తుతానికి రీస్టార్ట్ కూడా చేయకండి. హోమ్ అసిస్టెంట్ ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు కొత్త లాగ్ ఫైల్ (జరిగినవి టైమ్‌తో సహా రాసుకునే ఫైల్) తెరుస్తుంది, అంతకుముందుదాన్ని పేరు చివర 1 తగిలించి పక్కన పెడుతుంది, దానికి ముందుది ఇక ఉండదు. అంటే రెండుసార్లు రీస్టార్ట్ కొట్టారంటే ఆ రాత్రి లాగ్ పోయినట్టే. జిగ్‌బీ2ఎంక్యూటీటీది ఇంకో రకం. అది మొదలైన ప్రతిసారీ తన డేటా ఫోల్డర్‌లో లాగ్ అనే చోట తేదీ, టైమ్ పేరుతో కొత్త ఫోల్డర్ పెడుతుంది, సెట్టింగ్ మార్చకపోతే అలాంటివి పది మాత్రమే ఉంచుకుని పాతవి చెరిపేస్తుంది. మీ కంటైనర్‌కి పడిపోతే మళ్లీ లేచే సెట్టింగ్ ఉంది కాబట్టి, అది వరసగా పడి లేస్తే కొన్ని నిమిషాల్లోనే పది ఫోల్డర్లూ నిండిపోయి అసలు కావాల్సిన ఫోల్డర్ ఎగిరిపోతుంది. అందుకని ముందు ఆ రెండు చోట్ల ఉన్నవన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి, మిగతాది తర్వాత చూద్దాం. ఇంకో మాట, మీరు పెట్టిన లాగ్‌లో ఆ ఇంటికి బయటినుంచి లాగిన్ అయ్యే యూఆర్ఎల్ మొత్తం కనిపిస్తోంది, వెంటనే తీసేయండి. ఎక్కడ లాగ్ పెట్టినా యూఆర్ఎల్, ఎంక్యూటీటీ పాస్‌వర్డ్, అలారం కోడ్, ఇంటి అక్షాంశ రేఖాంశాలు, జిగ్‌బీ నెట్‌వర్క్ కీ ఉన్నాయేమో చూసి చెరిపేశాకే పెట్టాలి.

ఇక విషయంలోకి వస్తే, మీకు కావాల్సిన లైన్ మీరు పంపినవాటిలోనే ఉంది. చివర్లో "ఇది ముందురోజుది, సంబంధం లేదనుకుంటా" అని ఒక జిగ్‌బీ2ఎంక్యూటీటీ ముక్క పెట్టారు చూడండి, జూన్ 11, 21:07:06 దగ్గర అడాప్టర్ డిస్‌కనెక్టెడ్, స్టాపింగ్ అని ఎర్రర్ (ఇక్కడ అడాప్టర్ అంటే జిగ్‌బీ సెన్సార్ల సిగ్నల్ అందుకునే పెట్టె, దాన్నే కోఆర్డినేటర్ అంటారు). అది ముందురోజుది కాదు, ఆ రాత్రిదే. మీ కంపోజ్ ఫైల్‌లో (డాకర్ కంటైనర్ల సెట్టింగ్‌లు రాసే ఫైల్) హోమ్ అసిస్టెంట్ కంటైనర్‌కి టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని ఇచ్చారు, జిగ్‌బీ2ఎంక్యూటీటీ కంటైనర్‌కి ఇవ్వలేదు. ఇవ్వకపోతే అది యూటీసీలో (గ్రీన్‌విచ్ టైమ్‌లో) రాసుకుంటుంది. 21:07కి అయిదున్నర గంటలు కలపండి, జూన్ 12 తెల్లవారుజామున 2:37 వస్తుంది.

మీరు బ్రౌజర్‌లో చూసిన పేజీది మూడో టైమ్. హోమ్ అసిస్టెంట్ హిస్టరీ పేజీ మామూలుగా చూసేవాళ్ల బ్రౌజర్ టైమ్ జోన్‌లో చూపిస్తుంది. మీరు డాలస్‌లో కూర్చుని 2:37 AM దగ్గర వెతికారు, ఆ సంఘటన మీ తెర మీద జూన్ 11 సాయంత్రం 4:07 దగ్గర ఉంది. అక్కడ ఏమీ లేదు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీ ప్రొఫైల్ పేజీలో టైమ్ జోన్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని సర్వర్ టైమ్‌కి మార్చుకోండి, ఇంట్లో గడియారం ఎంత చూపిస్తే మీకూ అంతే కనిపిస్తుంది. మస్కిటోని (జిగ్‌బీ2ఎంక్యూటీటీకీ హోమ్ అసిస్టెంట్‌కీ మధ్య ఎంక్యూటీటీ మెసేజ్‌లు అందించే ప్రోగ్రామ్) విడిగా నడిపేవాళ్లకి ఇంకో తలనొప్పి, సెట్టింగ్ మార్చకపోతే అది గంటలు నిమిషాలు కాకుండా 1970 నుంచి లెక్కపెట్టిన సెకండ్లు రాస్తుంది. విదేశాల్లో ఉండి ఊళ్లో ఇంటికి ఇలాంటివి పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే: ఒక్క లైన్ చదివే ముందు అన్ని లాగ్‌లనీ ఒకే టైమ్‌లోకి మార్చుకోండి. కాగితం మీద రాసుకున్నా సరే.

టైమ్ సరిచేసుకున్నాక లాగ్‌ని ఎర్రర్ అనే మాట పట్టుకుని వెతకొద్దు. అందరూ చేసేది అదే, అందరూ దారి తప్పేదీ అక్కడే. మీరూ మూడు లైన్లకి ఎర్ర గీత పెట్టి పంపారు. మొదటిది, అలార్మో అనే కస్టమ్ ఇంటిగ్రేషన్‌ని హోమ్ అసిస్టెంట్ వాళ్లు పరీక్షించలేదు అనే వార్నింగ్. బయటినుంచి తెచ్చి పెట్టుకున్న ప్రతి ప్లగిన్‌కీ ప్రతి స్టార్టప్‌లోనూ ఆ లైన్ వస్తుంది, దాన్ని చూసి ప్లగిన్ పాడైందనుకోవద్దు. రెండోది వాతావరణం తెచ్చే ఇంటిగ్రేషన్ టైమ్ అవుట్, దానికీ అలారానికీ సంబంధం లేదు. మూడోది మాత్రం చాలా విలువైనది, కానీ దాన్ని మీరు వేరే అర్థంలో తీసుకున్నారు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

వెతకాల్సింది సైరన్ మోగిన క్షణం, అక్కడినుంచి వెనక్కి చదవాలి. మీ హిస్టరీలో అలార్మో ప్యానెల్ ఇంటి టైమ్ ప్రకారం 02:37:06కి పెండింగ్‌లోకి వెళ్లింది, 02:37:36కి ట్రిగర్డ్ అయింది. మధ్యలో ఆ 30 సెకండ్లు మీరు పెట్టుకున్న ఎంట్రీ డిలే (లోపలికొచ్చిన ఇంటివాళ్లు అలారం ఆపుకోవడానికి ఇచ్చే గడువు). కాబట్టి కారణం సైరన్ మోగిన సెకండులో ఉండదు, దానికి 30 సెకండ్ల ముందు ఉంటుంది. ఎంట్రీ డిలే రెండు నిమిషాలు పెట్టుకున్నవాళ్లయితే రెండు నిమిషాలు వెనక్కి వెళ్లాలి. 02:37:06 అని తేలాక జిగ్‌బీ2ఎంక్యూటీటీ లాగ్‌లో 21:07:06, సరిగ్గా అదే సెకండు. ఇక ఊహించాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ మూడో లైన్. హోమ్ అసిస్టెంట్ లాగ్‌లో 02:37:06 దగ్గర మీ "తలుపు అలర్ట్" ఆటోమేషన్ (సెన్సార్ మారితే దానంతటదే మెసేజ్ పంపమని మీరు రాసి పెట్టుకున్నది) పేరు మీద ఆల్రెడీ రన్నింగ్ అనే వార్నింగ్ ఏడుసార్లు ఉంది. ఆటోమేషన్ ఇరుక్కుపోయి సైరన్ మోగించిందని మీరు అనుకున్నారు. ఆ వార్నింగ్‌కి అర్థం అది కాదు. మీ ఆటోమేషన్ సింగిల్ మోడ్‌లో ఉంది, అంటే ఒకసారి మొదలైతే అయిపోయేదాకా రెండోసారి పిలిచినా పలకదు, పలకని ప్రతిసారీ ఆ వార్నింగ్ రాస్తుంది. మెసేజ్ పంపాక పది నిమిషాలు ఆగమని చెప్పారు కాబట్టి ఆ పది నిమిషాలూ అది బిజీ. అసలు చూడాల్సింది ఆ ఏడు. అన్నీ ఒకే సెకండులో. మీకున్నది ఎనిమిది సెన్సార్లు, ఒకటి ఆటోమేషన్‌ని మొదలుపెట్టింది, మిగతా ఏడూ అదే సెకండులో మళ్లీ పిలిచాయి. ఎనిమిది తలుపులూ కిటికీలూ ఒకే సెకండులో తెరిచే దొంగ ఎవరూ ఉండడు. అన్ని సెన్సార్లూ ఒక్కసారిగా మారాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పడిపోయింది. ఒక్కటే మారితే ఆ సెన్సార్‌నో, బ్యాటరీనో, అయస్కాంతాన్నో అనుమానించాలి. లాగ్ చదివేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే, ఒకటి మారిందా, అన్నీ మారాయా.

ఏం మారిందో తేల్చుకోవాలంటే ఆటోమేషన్ పేజీలో ట్రేసెస్ (అది నడిచినప్పుడల్లా ఏ అడుగులో ఏం జరిగిందో రాసిపెట్టే చోటు) తెరవండి. మామూలుగా చివరి అయిదు మాత్రమే ఉంచుతుంది, మీది రోజుకి చాలాసార్లు నడిచే ఆటోమేషన్ కాబట్టి పాతవి పోయి ఉండొచ్చు, ఇకముందుకైనా ఆ ఆటోమేషన్ యామల్‌లో (సెట్టింగ్‌లు అక్షరాల్లో రాసే రూపం) స్టోర్డ్ ట్రేసెస్ 20కి పెంచుకోండి. ట్రేస్‌లో ట్రిగర్ అయిన అడుగు నొక్కితే ఫ్రమ్ స్టేట్, టు స్టేట్ అని రెండు కనిపిస్తాయి. తలుపు నిజంగా తెరిస్తే ఆఫ్ నుంచి ఆన్‌కి మారుతుంది. మీ కేసులో ఆఫ్ నుంచి అన్‌అవైలబుల్‌కి (అంటే సెన్సార్ అందుబాటులో లేదు) మారి ఉంటుంది. మీ ఆటోమేషన్‌లో ఫ్రమ్, టు ఏవీ ఇవ్వకుండా సెన్సార్ స్థితి మారితే చాలు అని రాశారు, కాబట్టి అన్‌అవైలబుల్ అయినా, మళ్లీ లేచి ఆఫ్ అయినా అది కదులుతుంది. టు దగ్గర ఆన్ అనీ, ఫ్రమ్ దగ్గర ఆఫ్ అనీ స్పష్టంగా రాయండి. చాలా దొంగ అలర్ట్‌లు ఈ ఒక్క మార్పుతో పోతాయి.

ఈ ఆన్, ఆఫ్‌ల దగ్గర కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. జిగ్‌బీ2ఎంక్యూటీటీ లాగ్‌లో తలుపు సెన్సార్ లైన్ చూస్తే కాంటాక్ట్ ట్రూ, కాంటాక్ట్ ఫాల్స్ అని ఉంటుంది. కాంటాక్ట్ ట్రూ అంటే అయస్కాంతం ఆనుకుని ఉంది, తలుపు వేసి ఉంది. ఫాల్స్ అంటే తెరిచి ఉంది. హోమ్ అసిస్టెంట్‌లో దీనికి సరిగ్గా తిరగేసి, ఆన్ అంటే తెరిచి ఉన్నట్టు, ఆఫ్ అంటే వేసి ఉన్నట్టు. రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఇది గుర్తుండకపోతే మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. మీ మెయిన్ డోర్ చివరి లైన్ ఆ రాత్రి 11 గంటలకి ముందు కాంటాక్ట్ ట్రూ. ఆ తర్వాత అడాప్టర్ పడిపోయేదాకా ఆ సెన్సార్ నోరు మెదపలేదు. నాన్నగారికి ధైర్యంగా చెప్పండి, ఆ రాత్రి తలుపు ఎవరూ ముట్టుకోలేదు.

మరి అలార్మో ఎందుకు మోగించింది? అలార్మోలో ఒక్కో సెన్సార్‌కి ఒక్కో సెట్టింగ్ ఉంటుంది, అందులో సెన్సార్ అన్‌అవైలబుల్ అయితే కూడా ట్రిగర్ చెయ్యి అనేది ఒకటి. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో మెయిన్ డోర్‌కి మాత్రం అది ఆన్‌లో ఉంది. కోఆర్డినేటర్‌తో కనెక్షన్ తెగగానే జిగ్‌బీ2ఎంక్యూటీటీ ఆగిపోయింది, ఆగిపోతూ తన బ్రిడ్జ్ ఆఫ్‌లైన్ అని ప్రకటించింది, దాంతో దాని కింద ఉన్న సెన్సార్లన్నీ హోమ్ అసిస్టెంట్‌లో అన్‌అవైలబుల్ అయ్యాయి, అందులో మెయిన్ డోర్ ఉంది, అలార్మో మీరు చెప్పిన పనే చేసింది. ప్లగిన్‌లో బగ్ లేదు. ఈ గొలుసులో హోమ్ అసిస్టెంట్‌కీ మస్కిటోకీ మధ్య కనెక్షన్ ఎక్కడా తెగలేదు, అందుకే ఆ లాగ్‌లో ఎంక్యూటీటీ డిస్‌కనెక్ట్ అనే లైన్ కూడా లేదు. ఆ లైన్ ఉండి ఉంటే అనుమానం మస్కిటో మీదికి వెళ్లేది.

ఇంకో సంగతి, అలార్మో తనంతట తాను లాగ్‌లో ఎందుకు రాయలేదని అడిగారు. హోమ్ అసిస్టెంట్ మామూలుగా వార్నింగ్, ఆ పైవి మాత్రమే ఫైల్‌లో రాస్తుంది. అలార్మో ఎందుకు ఏ నిర్ణయం తీసుకుందో చెప్పే లైన్లు అంతకంటే కింది స్థాయివి. కాన్ఫిగరేషన్ యామల్‌లో లాగర్ విభాగం పెట్టి, డిఫాల్ట్ వార్నింగ్‌లోనే ఉంచి, కస్టమ్ కాంపొనెంట్స్ కింద అలార్మోకి మాత్రం డీబగ్ (అన్నీ వివరంగా రాసే స్థాయి) ఇవ్వండి. రీస్టార్ట్ వద్దనుకుంటే డెవలపర్ టూల్స్‌లో లాగర్ సెట్ లెవెల్ అనే యాక్షన్‌తో అప్పటికప్పుడు మార్చొచ్చు, కాకపోతే రీస్టార్ట్ అయితే అది పోతుంది. మొత్తం సిస్టమ్‌కి డీబగ్ పెట్టే పని మాత్రం చేయకండి, ఒక రాత్రికే ఫైల్ ఎంత పెరుగుతుందంటే మీకు కావాల్సిన లైన్ కనపడక ఉన్న ఓపిక కూడా పోతుంది. (హోమ్ అసిస్టెంట్ ఓఎస్ వాడేవాళ్లకి కొత్త వెర్షన్లలో ఈ లాగ్ ఫైలే ఉండదు, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో లాగ్స్ పేజీనుంచి పూర్తి లాగ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి.)

ఇక అసలు మూలం, కోఆర్డినేటర్ ఎందుకు తెగింది. మీది యూఎస్‌బీ డాంగిల్ కాదు, ఈథర్‌నెట్ వైర్‌తో రౌటర్‌కి కలిపే రకం, హాల్లో రౌటర్ పక్కన అదే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంది. మినీ పీసీకి మాత్రం విడిగా యూపీఎస్ ఉందన్నారు. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చిందని నాన్నగారు చెప్పినట్టు మీరే రాశారు, "ఇన్వర్టర్ ఉంది కదా, ఏమీ ఆగలేదు" అని కూడా. ఫ్యాను, లైటు ఆగకపోవచ్చు. ఇన్వర్టర్ మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు ఒక చిన్న గ్యాప్ ఉంటుంది, ఫ్యాన్‌కి అది తెలియదు, రౌటర్‌కీ ఇలాంటి చిన్న పెట్టెలకీ రీబూట్ అవ్వడానికి అది చాలు. మన ఇళ్లలో ఉండే చాలా ఇన్వర్టర్లకి వెనకవైపో ముందువైపో యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఈకో మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ గ్యాప్ బాగా తక్కువ. నాన్నగారిని అది ఎటు ఉందో చూడమనండి. అంతకంటే మంచి పని, రౌటర్లకని 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, మీ రౌటర్, కోఆర్డినేటర్ రెండింటి కరెంటు అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేది కొనండి. కోఆర్డినేటర్ ఒకటే పెట్టి రౌటర్ వదిలేస్తే లాభం లేదు, మధ్యలో వైర్ రౌటర్ గుండానే పోతోంది కాబట్టి రౌటర్ పడిపోయినా కనెక్షన్ తెగుతుంది. మీ రౌటర్ లాగ్ పేజీలో అప్‌టైమ్ చూడండి, జూన్ 12 తెల్లవారుజాము నుంచే లెక్క మొదలైతే ఇక అనుమానం లేదు.

అన్‌అవైలబుల్ అయితే ట్రిగర్ అనే సెట్టింగ్ తీసేయాలా అంటే, మీ ఇంటికి తీసేయమనే చెప్తాను. తీసేస్తే కావాలని సిస్టమ్‌ని పడగొట్టేవాడిని పట్టుకోలేం కదా అని వాదించేవాళ్లున్నారు, అది నిజమే. కానీ కరెంటు పోయి వచ్చే ఊళ్లో, పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇంట్లో, అర్ధరాత్రి ఉత్తపుణ్యానికి సైరన్ మోగితే అయ్యే నష్టం చాలా పెద్దది. అమ్మగారు ప్లగ్ పీకేశారంటే ఇప్పుడు ఆ ఇంటికి అలారమే లేదు. దాని బదులు వేరే ఆటోమేషన్ రాయండి: ఆర్మ్ అయి ఉన్నప్పుడు మెయిన్ డోర్ సెన్సార్ వరసగా అయిదు నిమిషాలు అన్‌అవైలబుల్‌గా ఉంటే మీ ఫోన్‌కీ నాన్నగారి ఫోన్‌కీ మెసేజ్, సైరన్ వద్దు. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం, మీరు మెలకువగానే ఉంటారు, కెమెరా చూసి ఫోన్ చేయొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, ఆ అయిదు నిమిషాల లెక్క మధ్యలో హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయితే మొదటికొస్తుంది.

రెండో సమస్య, 10:30కి ఆర్మ్ అవ్వకపోవడం, ఇది దీనికంటే తేలిక. ఆటోమేషన్ ట్రేస్‌లో అన్నీ సక్రమంగా అయినట్టే చూపిస్తోంది, కానీ ప్యానెల్ డిసార్మ్డ్‌లోనే ఉందన్నారు. ట్రేస్ చెప్పేది ఆర్మ్ చేయమని అలార్మోకి చెప్పాను అని మాత్రమే, అలార్మో ఒప్పుకుందా లేదా అనేది దానికి తెలియదు. ఏదైనా సెన్సార్ తెరిచి ఉంటే అలార్మో ఆర్మ్ చేయడానికి నిరాకరించి, అలార్మో ఫెయిల్డ్ టు ఆర్మ్ అనే ఈవెంట్ పంపుతుంది, అందులో కారణం, తెరిచి ఉన్న సెన్సార్ల పేర్లు ఉంటాయి. డెవలపర్ టూల్స్‌లో ఈవెంట్స్ ట్యాబ్‌కి వెళ్లి ఆ ఈవెంట్ పేరు ఇచ్చి వినడం మొదలుపెట్టి, నాన్నగారితో ఒక్కో కిటికీ తెరిపించి ఆర్మ్ చేసి చూడండి. నా అనుమానం వంటింటి కిటికీ మీద. మీ హిస్టరీ స్క్రీన్‌షాట్‌లో అది ఆర్మ్ అవ్వని రాత్రుల్లో ఆన్‌లో ఉంది, అయిన రాత్రుల్లో ఆఫ్‌లో ఉంది. జూన్ ఉక్కపోతకి గాలి కోసం తెరిచి పెట్టుకుంటారు, అది మాన్పించడం మన పని కాదు. ఆ కిటికీకి గ్రిల్ ఉంటే ఆ సెన్సార్‌కి ఆటో బైపాస్ ఇవ్వండి, తెరిచి ఉంటే ఆ రాత్రికి దాన్ని వదిలేసి మిగతావాటితో ఆర్మ్ అవుతుంది. గ్రిల్ లేకపోతే బైపాస్ ఇవ్వొద్దు, ఆ ఫెయిల్ ఈవెంట్‌నే ట్రిగర్‌గా పెట్టి, "ఫలానా కిటికీ తెరిచి ఉంది, అలారం ఆన్ అవ్వలేదు" అని తెలుగులో నాన్నగారి ఫోన్‌కి వెళ్లేలా చేయండి.

ఇవన్నీ మార్చాక పరీక్షించకుండా సైరన్ ప్లగ్ మళ్లీ పెట్టమని అమ్మగారికి చెప్పకండి. వాళ్లకి పగలు, ఇద్దరూ మెలకువగా ఉన్నప్పుడు, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, అలార్మోలో సైరన్ యాక్షన్ ఆపి చేయండి. ఆర్మ్ చేసి, కోఆర్డినేటర్ కరెంటు అడాప్టర్ పీకి ఒక నిమిషం తర్వాత పెట్టమనండి. జిగ్‌బీ2ఎంక్యూటీటీ లాగ్‌లో అదే అడాప్టర్ డిస్‌కనెక్టెడ్ లైన్ రావాలి, సెన్సార్లన్నీ అన్‌అవైలబుల్ అవ్వాలి, అలార్మో మాత్రం ఆర్మ్డ్‌లోనే ఉండాలి, తిరిగి వచ్చాక తలుపులన్నీ ఆఫ్ అని చూపించాలి. తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపి ఇన్వర్టర్ మీదికి మారనివ్వండి, ఈసారి ఆ లైన్ అసలు రాకూడదు. వచ్చిందంటే డీసీ యూపీఎస్ అవసరం తీరలేదన్నమాట. చివరగా మెయిన్ డోర్ నిజంగా తెరిచి చూడాలి, పెండింగ్, 30 సెకండ్ల తర్వాత ట్రిగర్డ్. దొంగ అలారాలు ఆపే ప్రయత్నంలో అసలు అలారం ఆగిపోయిందేమో తెలిసేది దీంతోనే, దయచేసి దీన్ని వదిలేయకండి.

ఇన్ని చేశాక కూడా మళ్లీ మోగి, ఆ సెకండులో అడాప్టర్ లైన్ లేకుండా ఒక్క సెన్సార్ మాత్రమే మారి ఉంటే అప్పుడు దారి వేరు. ఆ సెన్సార్ లైన్లలో లింక్ క్వాలిటీ, బ్యాటరీ, వోల్టేజ్ అంకెలు వారం రోజులవి వరసగా చూడండి. ఒక జాగ్రత్త, జిగ్‌బీ2ఎంక్యూటీటీలో అవైలబిలిటీ ఆన్ చేసుకున్నా బ్యాటరీతో నడిచే సెన్సార్‌ని అది మామూలుగా 25 గంటలు పలకకపోతే గానీ ఆఫ్‌లైన్ అనదు, కాబట్టి అది ఆఫ్‌లైన్ అన్న టైమ్‌కీ సెన్సార్ నిజంగా ఆగిపోయిన టైమ్‌కీ ఒక రోజు పైనే తేడా ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ సెన్సార్ చివరిసారి పలికిన లైన్, అలార్మో డీబగ్ లాగ్‌లో పెండింగ్‌కి ముందు రెండు నిమిషాలు, జిగ్‌బీ2ఎంక్యూటీటీ లాగ్‌లో అవే రెండు నిమిషాలు, ఈ మూడూ ఒకే టైమ్ జోన్‌లోకి మార్చి, పాస్‌వర్డ్‌లు చెరిపేసి పంపండి, చూస్తాను.